సీటు కింద చిన్న సబ్‌వూఫర్: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ ఆటోనగర్‌లో కార్లకు మ్యూజిక్ సిస్టమ్‌లు బిగించే పని నాది. రోజూ ఎవరో ఒకరు వచ్చి అనే మాట ఒకటే: "అన్నా, పాట వినపడుతోంది గానీ గుండెకి తగలట్లేదు." ఆ గుండెకి తగిలే కింది స్థాయి శబ్దమే బేస్, దాన్ని మోగించడానికి విడిగా పెట్టే స్పీకరు సబ్‌వూఫర్, మేం వూఫర్ అనేస్తాం. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు కూడా ఇంచుమించు అవే. అందుకని అన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను. వచ్చే ముందు చదువుకుంటే మీకు డబ్బులు, నాకు గొంతు మిగులుతాయి.

కంపెనీ స్పీకర్లలో బేస్ ఎందుకు రాదు?

తలుపులో ఉండేది మామూలుగా ఆరున్నర అంగుళాల స్పీకరు. దాని అట్ట (కోన్) పల్చన, వెనకున్న అయస్కాంతం చిన్నది. కింది స్థాయి శబ్దం రావాలంటే గాలిని బాగా తోయాలి. 80 హెర్ట్జ్ (సెకనుకి 80 ఊపులు) దగ్గర ఎంత గట్టిగా మోగుతోందో 40 హెర్ట్జ్ దగ్గర కూడా అంతే మోగాలంటే కోన్ నాలుగింతలు ఎక్కువగా ఊగాలి. తలుపు స్పీకరుకి అంత ఊగే చోటే లేదు. పైగా కొన్ని కంపెనీ స్టీరియోలు వాల్యూమ్ పెంచేకొద్దీ బేస్‌ని వాటంతట అవే తగ్గించేస్తాయి, స్పీకరు చిరిగిపోకుండా. మీరు ఈక్వలైజర్‌లో బేస్ మొత్తం పెట్టినా ఉపయోగం లేకపోవడానికి ఒక కారణం అది.

మృదంగం ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? కచేరీకి ముందు ఎడమ వైపు మూత మీద తడిపిన రవ్వ ముద్ద అతికిస్తారు. బరువు పడేసరికి ఆ వైపు శ్రుతి దిగి 'గుమ్' అని నిండుగా మోగుతుంది. వూఫర్ కోన్‌ని పెద్దగా, బరువుగా చేయడం వెనక ఉన్న కిటుకూ అదే. బరువైన కోన్‌ని ఊపాలంటే బలం కావాలి కాబట్టి దానికి విడిగా ఆంప్లిఫయర్ కావాలి. సీటు కింద పెట్టే వాటిలో ఆ ఆంప్ లోపలే ఉంటుంది. అందుకే వాటిని యాక్టివ్ అంటారు.

సీటు కిందది సరిపోతుందా, డిక్కీలో పెద్ద డబ్బా పెట్టించమంటారా?

మీకేం కావాలో ముందు తేల్చుకోండి. పెళ్లి ఊరేగింపులో డీజే బండి పక్కన నడిచినట్టు ఉండాలంటే ఇది మీకు పనికిరాదు, ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. ఎనిమిది అంగుళాల పల్చటి వూఫర్ 40 హెర్ట్జ్ దాకా ఓ మోస్తరుగా దిగుతుంది, ఆ కింద చేతులెత్తేస్తుంది. డిక్కీలో పెట్టే పన్నెండు అంగుళాల డబ్బాతో దానికి పోటీ లేదు.

కానీ మన పాటల్లో డోలు, తబలా, బేస్ గిటార్, కిక్ డ్రమ్ ఎక్కువగా ఉండేది 50 నుంచి 100 హెర్ట్జ్ మధ్యలో. ఆ ముక్కని చిన్న వూఫర్ శుభ్రంగా మోస్తుంది. నా దగ్గరికి వచ్చే పదిమందిలో ఎనిమిది మందికి తక్కువైంది అదే.

ఇంకో సంగతి సీఎన్‌జీ. మన ఊళ్లో సీఎన్‌జీ కార్లు బాగా పెరిగాయి. చాలావాటిలో డిక్కీ నిండా సిలిండరే ఉంటుంది. తిరుపతి వెళ్తే బ్యాగులు ఒళ్లో పెట్టుకుని కూర్చునే వాళ్లు వూఫర్ డబ్బా ఎక్కడ పెడతారు? వాళ్లకి సీటు కిందే గతి. ఆ గతి చెడ్డదేమీ కాదు.

నా కారులో పడుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

కొనక ముందు కొలవండి. కొన్నాక కొలిచే వాళ్లే ఎక్కువ, తర్వాత మార్చిపెట్టమని నాతో గొడవ.

ఈ వూఫర్లు చాలావరకు ఏడు, ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తుంటాయి. అదే పొడవు, వెడల్పు, ఎత్తులో ఒక థర్మోకోల్ ముక్క కోసి సీటు కింద పెట్టండి. సీటుని పూర్తిగా ముందుకి, పూర్తిగా వెనక్కి జరపండి. సీటు ఎత్తు మార్చే లివర్ ఉంటే బాగా కిందికి దించి చూడండి. తర్వాత ఇంట్లో అందరికంటే బరువున్న వాళ్లని కూర్చోమనండి. మనిషి కూర్చుంటే సీటు కింది స్ప్రింగులు రెండు మూడు సెంటీమీటర్లు దిగుతాయి. ఖాళీ సీటు కింద పట్టింది బావగారు కూర్చోగానే నలిగిపోయిన కేసులు నేను చూశాను. చివర్లో వెనక సీట్లో కూర్చుని మీ పాదాలు ఎక్కడికి వస్తున్నాయో చూసుకోండి.

ఇవి కూడా గమనించండి. వాగన్ఆర్‌లో ముందు పక్క సీటు కింద ట్రే ఉంటుంది, అది తీసేయాలి. ఎర్టిగా స్మార్ట్ హైబ్రిడ్‌లో అదే సీటు కింద లిథియం బ్యాటరీ ఉంటుంది, అక్కడ చెయ్యి పెట్టొద్దు. కొన్ని కార్లలో వెనక వాళ్ల కాళ్ల దగ్గరికి గాలి పంపే గొట్టం సీటు కింద నుంచే వెళ్తుంది, దాన్ని మూయకూడదు. సీటు కింద పసుపు రంగు కప్లర్ (వైర్లని కలిపే ప్లగ్గు) కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్ తాలూకుది. సీటు విప్పాల్సి వస్తే కారు ఆఫ్ చేసి, బ్యాటరీ మైనస్ తీసి, కొద్ది నిమిషాలు ఆగి అప్పుడు దాన్ని తీయాలి. లేకపోతే మీటరులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కూర్చుంటుంది, దాన్ని ఆర్పడానికి షోరూమ్‌కి పోవాలి.

పెట్టె మీద 1000 వాట్లని ఉంది. నిజమేనా?

ఆ అంకె పక్కన 'మ్యాక్స్' అనో 'పీక్' అనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీరు చూడాల్సింది ఆర్‌ఎంఎస్. అంటే ఆగకుండా ఇవ్వగలిగే పవర్. పేరున్న కంపెనీలు రెండూ రాస్తాయి. సోనీ ఎక్స్‌ఎస్ ఏడబ్ల్యూ8 అనే మోడల్ తీసుకోండి, పెట్టె మీద 160 వాట్లు పెద్దగా కనిపిస్తుంది, ఆర్‌ఎంఎస్ మాత్రం 75. జేబీఎల్ బేస్‌ప్రో ఎస్‌ఎల్‌కి ఆర్‌ఎంఎస్ 125.

ఆర్‌ఎంఎస్ ఎక్కడా రాయకపోతే వూఫర్‌కున్న ఫ్యూజు చూడండి. 15 ఆంపియర్ల ఫ్యూజు ఉందనుకుందాం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు వోల్టేజీ 13.5 నుంచి 14 మధ్య ఉంటుంది. 15ని 14తో గుణిస్తే 210. లోపలికి వెళ్లేదే 210 వాట్లైతే బయటికి వెయ్యి ఎలా వస్తాయి? కొంత వేడిగా పోగా నూటయాభై వస్తే గొప్ప. షాపులో నిలబడి ఈ లెక్క వేస్తే సేల్స్‌మన్ వెంటనే ఇంకో మోడల్ చూపిస్తాడు.

75కీ 125కీ తేడా కూడా మీరనుకున్నంత ఉండదు. పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్లు పవర్. కాబట్టి వాట్ల కోసం ఎక్కువ పోయకండి, ఆ డబ్బు వైరింగ్‌లో పెట్టండి.

కంపెనీ స్టీరియో మార్చకుండా బిగించొచ్చా?

బిగించొచ్చు. ఇప్పుడొచ్చే కార్లలో టచ్‌స్క్రీనుకే ఏసీ, రివర్స్ కెమెరా అన్నీ ముడిపడి ఉంటున్నాయి, దాన్ని పీకాల్సిన పని లేదు. వూఫర్‌కి హై లెవెల్ ఇన్‌పుట్ ఉందో లేదో చూసుకోండి. ఉంటే స్పీకరు వైర్ల నుంచే సిగ్నల్ తీసుకోవచ్చు. ఆర్‌సీఏ పిన్నులు (స్టీరియో నుంచి సన్న సిగ్నల్ తీసుకునే గుండ్రటి సాకెట్లు) మాత్రమే ఉంటే, స్పీకరు వైర్ల సిగ్నల్‌ని వాటికి తగ్గట్టు మార్చే కన్వర్టర్ అని మధ్యలో ఒక చిన్న డబ్బా పెట్టాలి.

వైర్లు కట్ చేస్తే వారంటీ పోతుందంటున్నారు?

కంపెనీ వైరు కట్ చేస్తే ఎలక్ట్రికల్ వారంటీ విషయంలో షోరూమ్ వాళ్లకి మీరే ఒక సాకు ఇచ్చినట్టు. చాలా మోడళ్లకి రెడీమేడ్ కప్లర్లు దొరుకుతాయి. స్టీరియో వెనక కంపెనీ కప్లర్ తీసి, మధ్యలో ఇది పెట్టి, మళ్లీ బిగించేయడమే. రేపు తీసేసినా ఆనవాలు ఉండదు. కప్లర్ కొనడానికి వెనకాడి, లక్షలు పోసిన కారు వైర్లు బ్లేడుతో గీకించుకునే వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వైరింగ్‌లో నేను దగ్గరుండి చూసుకోవాల్సినవి ఏమిటి?

మంచి ప్రశ్న, కానీ ఎవరూ అడగరు. అందరూ డబ్బా ఏ కంపెనీదని అడుగుతారు. పని పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

పవర్ వైరు నేరుగా బ్యాటరీ ప్లస్ నుంచి రావాలి. స్టీరియో వెనకున్న సన్న వైరుకి తగిలిస్తానంటే వద్దనండి. ఈ సైజు వూఫర్‌కి 8 గేజ్ వైరు నిక్షేపంగా సరిపోతుంది. అది నిజంగా రాగిదేనా? చివర కొంచెం గీకితే తెలుస్తుంది. పైన ఎర్రగా ఉండి గీకిన చోట తెల్లగా మెరిస్తే అది అల్యూమినియానికి రాగి పూత పూసిన వైరు. అది వాడకూడదని కాదు, రాగి వైరు కంటే ఒక సైజు లావుది వేసుకోవాలి.

ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి, జానెడున్నర, మహా అయితే రెండు జానల లోపు. "వూఫర్‌కే ఫ్యూజు ఉంది కదా, మళ్లీ ఎందుకు?" అంటారు. వూఫర్ ఫ్యూజు వూఫర్‌ని కాపాడుతుంది. బ్యాటరీ దగ్గర ఫ్యూజు మధ్యలో ఉన్న వైరుని కాపాడుతుంది. ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే బ్యాటరీలో ఉన్న బలమంతా దాని గుండా పోతుంది. పటమట నుంచి ఒకాయన కాలిన వాసన వస్తోందని కారు తెచ్చారు. వేరే చోట చేయించిన పని. ఇంజిన్ గదికీ లోపలికీ మధ్య రేకులో కన్నం పెట్టి, కన్నం అంచుకి రబ్బరు రింగు (గ్రోమెట్) లేకుండా వైరు లాగేశారు. ఆర్నెల్లు కారు ఊగిన ఊపుకి రేకు అంచు వైరు తోలుని కత్తిలా కోసేసింది. ఫ్యూజు లేదు. కార్పెట్ ఎత్తి చూస్తే అరచెయ్యంత మేర నల్లగా కరిగి ఉంది. ఆయన వాసన పట్టి వెంటనే ఆపారు కాబట్టి కారు మిగిలింది.

ఎర్త్ వైరు వీలైనంత పొట్టిగా, బాడీ రేకుకి పడాలి. ఆ చోట పెయింటు ఉప్పు కాగితంతో రుద్ది తెల్లటి లోహం బయటపడ్డాక, రింగు టెర్మినల్ పెట్టి, వాషరు వేసి బోల్టు బిగించాలి. పైన కొంచెం గ్రీజు రాస్తే తుప్పు పట్టదు. సీటు బోల్టుకే ఎర్త్ చుట్టేసే వాళ్లున్నారు. అక్కడ పెయింటు ఉంటుంది, పట్టు సరిగా ఉండదు. పైగా అది యాక్సిడెంట్‌లో సీటుని పట్టి ఉంచే బోల్టు, దాని కింద వేరే ముక్కలు ఇరికించడం నాకు నచ్చదు.

అతుకుల దగ్గర మామూలు ఇన్సులేషన్ టేపు వాడనివ్వకండి. మన మే నెల ఎండకి ఆ జిగురు కరిగి టేపు జారిపోతుంది. వేడి చేస్తే బిగుసుకునే స్లీవ్ వేయమనండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు పెట్టే వాళ్లు ఇంజిన్ వైపు వైరుకి ముడతల గొట్టం కూడా తొడిగించుకోండి. సెల్లార్‌లో ఎలుకలుంటాయని మీకు నేను చెప్పక్కర్లేదు.

బ్యాటరీ దిగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఇంజిన్ నడుస్తుంటే అక్కర్లేదు. పాట మధ్యలో వూఫర్ లాగేది సగటున కొద్ది ఆంపియర్లే, ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కి అది లెక్కలోది కాదు.

బ్యాటరీ దిగేది కారు ఆపాక. వూఫర్‌కి రిమోట్ అని ఒక సన్న వైరు ఉంటుంది. స్టీరియో ఆన్ అయితే వూఫర్‌ని లేపేది, ఆఫ్ అయితే పడుకోబెట్టేది అదే. బద్ధకించి ఆ వైరుని నేరుగా బ్యాటరీ లైనుకి కలిపేస్తే వూఫర్ రాత్రింబవళ్లు మేలుకునే ఉంటుంది. అర ఆంపియర్ తాగినా, చిన్న కార్లలో ఉండే 35 ఏహెచ్ (ఒక ఆంపియర్ చొప్పున 35 గంటలు ఇవ్వగల) బ్యాటరీ 70 గంటలకి మొత్తం ఖాళీ. అంతకు ముందే సెల్ఫ్ తిరగడం మానేస్తుంది. శుక్రవారం రాత్రి పెట్టిన కారు సోమవారం పొద్దున స్టార్ట్ కాకపోతే అనుమానించాల్సింది దీన్నే.

ఇంజిన్ ఆపి పాటలు వినే అలవాటు ఉంటే మాత్రం జాగ్రత్త. మీ బ్యాటరీ ఇప్పటికే మూడేళ్లు దాటి ఉంటే ముందు దాన్ని టెస్ట్ చేయించుకోండి. రాత్రంతా ఆగిన కారులో 12.6 వోల్టులు ఉండాలి. 12 చూపిస్తుంటే వూఫర్ సంగతి తర్వాత.

యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో 'కుయ్య్' మని మోత వస్తోంది.

అది ఆల్టర్నేటర్ గోల. ఇంజిన్ వేగంతో పాటు ఆ శ్రుతి కూడా పెరుగుతుంది. స్టీరియో ఎర్త్ ఒక చోట, వూఫర్ ఎర్త్ ఇంకో చోట పడి, రెండింటి మధ్య చిన్న వోల్టేజీ తేడా ఉంటే అది సిగ్నల్‌లో కలిసిపోతుంది. ముందు వూఫర్ ఎర్త్ విప్పి, మళ్లీ గీకి గట్టిగా బిగించండి. పోకపోతే పవర్ వైరు, సిగ్నల్ వైరు రెండూ ఒకే పక్క పోతున్నాయేమో చూడండి. పవర్ కారుకి ఒక పక్క గుమ్మం కిందుగా, సిగ్నల్ రెండో పక్కగా లేదా మధ్యలోంచి లాగాలి. ఈ రెండూ చేయకుండా నాయిస్ ఫిల్టర్ అమ్మజూపితే తీసుకోకండి.

పనిలో చేరిన కొత్తలో నేనూ ఈ మోత పోగొట్టలేక ఒక కారు మీద పూటంతా కూర్చున్నాను. స్టీరియో మార్చి చూశాను, ఆర్‌సీఏ కేబుల్ మార్చాను. చివరికి మా మేస్త్రి వచ్చి ఎర్త్ బోల్టుని వేలితో కదిపాడు. అది కదిలింది. ఏమీ అనకుండా టీకి వెళ్లిపోయాడు.

గెయిన్, ఎల్‌పీఎఫ్, ఫేజ్... ఇవన్నీ ఎక్కడ పెట్టాలి?

ఇరవై వేల వూఫర్ ట్యూనింగ్ సరిగా లేక ఐదు వేల దానిలా మోగడం చూశాను. ఐదు వేలది ఇరవైలా మోగడం మాత్రం చూడలేదు లెండి, కానీ పర్వాలేదనిపించేలా చేయొచ్చు.

ముందు స్టీరియోలో బేస్, ట్రెబుల్ అన్నీ సున్నాకి తెచ్చేయండి. లౌడ్‌నెస్, బేస్ బూస్ట్ ఆపేయండి. వూఫర్ గెయిన్ పూర్తిగా తగ్గించండి. ఎల్‌పీఎఫ్ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. అది ఆ అంకె పైనున్న శబ్దాల్ని వూఫర్‌కి పోనివ్వకుండా ఆపే జల్లెడ లాంటిది.

మీకు బాగా తెలిసిన పాట ఒకటి పెట్టండి. డోలు, సన్నాయి ఉన్న మంగళవాద్యం రికార్డింగు అయితే ఇంకా మేలు, దానిలో బేస్ ఎలా ఉండాలో మన చెవికి పుట్టుకతో తెలుసు. స్టీరియో వాల్యూమ్ మూడొంతులకి పెంచండి. ఇప్పుడు వూఫర్ గెయిన్ నెమ్మదిగా పెంచుకుంటూ పోండి. డోలు దెబ్బ 'ధిం' అని పడి ఆగిపోవాలి. 'ధింబబబ' అని సాగుతుంటే, లేదా చిరిగినట్టు వినిపిస్తుంటే కొంచెం వెనక్కి రండి. గెయిన్‌ని చాలామంది వాల్యూమ్ అనుకుని చివరికంటా తిప్పేస్తారు. స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కీ వూఫర్‌కీ జత కుదర్చడమే దాని పని. అవసరానికి మించి తిప్పితే శబ్దం గీసుకుపోతుంది, కాయిల్ వేడెక్కి కాలిపోతుంది.

తర్వాత ఫేజ్ స్విచ్. డ్రైవరు సీట్లో కూర్చుని, ఇంకొకరిని సున్నా నుంచి 180కి, మళ్లీ సున్నాకి మార్చమనండి. ఏ వైపు డోలు నిండుగా వినిపిస్తే అక్కడ వదిలేయండి. తలుపు స్పీకర్లు ముందుకి తోస్తున్నప్పుడు వూఫర్ వెనక్కి లాగుతుంటే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. ఈ స్విచ్ ఎటు ఉండాలో పుస్తకం చూసి చెప్పలేం, మీ కారులో మీ చెవే చెప్పాలి.

చివరి పరీక్ష ఘంటసాల పాట. మగవాళ్ల గొంతులో కింది స్వరాలు ఇంచుమించు 100 హెర్ట్జ్ దగ్గర మొదలవుతాయి. పాట పెట్టినప్పుడు ఆ గొంతు బానలోంచి మాట్లాడినట్టు వస్తుంటే ఎల్‌పీఎఫ్ మరీ పైన ఉందని అర్థం, 70కి దించండి. అన్నీ కుదిరితే బేస్ సీటు కింద నుంచి వస్తున్నట్టే అనిపించదు, డ్యాష్‌బోర్డు మీంచి పాటతో కలిసి వస్తుంది. 40 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, మీ కారు రెట్టింపు. అంత పొడవైనది ఎటు నుంచి వస్తోందో చెవి పట్టుకోలేదు.

నేను పని అయ్యాక కస్టమర్‌కి చెప్పకుండా వూఫర్ ఆఫ్ చేస్తాను. "అయ్యో, ఏమైంది, పాట చప్పబడిపోయింది?" అంటే నా పని సరిగా కుదిరినట్టు. "హమ్మయ్య, ఇప్పుడు బాగుంది" అంటే మళ్లీ మొదటికి వెళ్తాను.

షాపు దగ్గర అదిరిపోయింది, వారధి దాటేసరికి బేస్ ఏమైపోయింది?

ఎక్కడికీ పోలేదు, రోడ్డు మోత కింద మునిగిపోయింది. మంగళగిరి వైపు ఎనభై, తొంభైలో పోతున్నప్పుడు టైర్లు చేసే మోత కూడా కింది స్థాయిదే, అది బేస్‌ని కప్పేస్తుంది. అందుకే వైరుతో వచ్చే చిన్న బేస్ నాబ్ ఉన్న మోడల్ తీసుకోమంటాను. దాన్ని గేరు పక్కన అతికించుకుంటే ఊళ్లో తగ్గించి, హైవే మీద పెంచుకోవచ్చు. హైవేకి సరిపోయేలా ట్యూన్ చేసి వదిలేస్తే బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర పక్క బండి వాళ్లు మీ వైపు చూస్తారు. అద్దాలు దించినా బేస్ సగం బయటికి పోతుంది, అది వూఫర్ తప్పు కాదు.

వూఫర్ పెట్టాక కారంతా గడగడలాడుతోంది.

ముందు నుంచీ వదులుగా ఉన్నవన్నీ ఇప్పుడు బయటపడుతున్నాయి. వెనక నంబర్ ప్లేటు, డిక్కీ మీది ట్రే, స్టెప్నీ కింద జాకీ, సన్‌గ్లాసుల డబ్బా, ఇవి మామూలు దొంగలు. ఒకరు పాటలో ఏదో గలగల వస్తోంది, వూఫర్ చిరిగిందని తెచ్చారు. అరగంట వెతికితే డ్యాష్‌బోర్డు మీద అమ్మవారి విగ్రహం. దాని కింద జిగురు ఎండిపోయి, డోలు పడినప్పుడల్లా పీట మీద గునగునలాడుతోంది. ఆవిడకి చెప్పులు విడిచి దణ్ణం పెట్టి, కొత్త డబుల్ టేపు వేశాను.

తలుపులకి డ్యాంపింగ్ షీట్లు (రేకు అదరకుండా అతికించేవి) వేయించాలా?

బడ్జెట్ ఉంటే వేయించండి. నన్నడిగితే వూఫర్ కంటే ముందే ముందు రెండు తలుపులకీ వేయించి, వారం విని చూడండి. కొంతమందికి అక్కడే సరిపోతుంది. మీ స్టీరియోలో హై పాస్ సెట్టింగ్ (కింది శబ్దాల్ని ఆపేది) ఉంటే వూఫర్ పెట్టాక తలుపు స్పీకర్లని 80 దగ్గర కత్తిరించండి. బేస్ బరువు దిగిపోయాక అవి కూడా హాయిగా పాడతాయి.

వర్షం, వరద నీళ్లు వస్తే?

కారులో నేలకి అన్నిటికంటే దగ్గరగా ఉండే సామాన్లలో ఇదొకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన తర్వాత నెలల తరబడి ఆ కార్లు ఆటోనగర్‌కి వస్తూనే ఉన్నాయి. సీటు కింద వూఫర్ విప్పితే లోపల సర్క్యూట్ బోర్డు మీద బురద ఎండి పెచ్చులు కట్టి ఉండేది. మునిగిన వూఫర్‌ని ఎండబెట్టి ఆన్ చేసి చూద్దామనుకోకండి. ముందు బ్యాటరీ దగ్గర ఫ్యూజు పీకేయండి, ఆ తర్వాతే మిగతా మాట.

ఇన్సూరెన్స్ విషయం కూడా ఇక్కడే చెప్తాను. బయట బిగించిన ఎలక్ట్రికల్ సామాను పాలసీలో విడిగా చూపించి, దానికి కొంచెం అదనపు ప్రీమియం కడితేనే క్లెయిమ్‌లో అడగగలరు. దానికి జీఎస్‌టీ బిల్లు కావాలి. తెల్ల కాగితం మీద రాసిచ్చింది పనికిరాదు.

వరద దాకా ఎందుకు, ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోతే ఆ నీళ్లు పక్క సీటు కాళ్ల దగ్గర కార్పెట్‌లోకి వస్తాయి, అక్కడి నుంచి సీటు కిందికి. కార్పెట్ తడిగా అనిపిస్తే ఆలస్యం చేయొద్దు. వూఫర్‌ని నేల మీద నేరుగా కాకుండా అర అంగుళం లేపి, కంపెనీ ఇచ్చిన క్లాంపులతో బిగించమనండి. వదిలేస్తే సడన్ బ్రేకుకి జారుకుంటూ డ్రైవరు కాళ్ల కిందికి వస్తుంది, అది ఇంకా ప్రమాదం.

సీటు కింద దుమ్ము పడితే పాడవుతుందా?

మామూలు దుమ్ముకి ఏం కాదు, నెలకోసారి బ్రష్‌తో దులిపితే చాలు. గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసే ఒక కస్టమర్ ఉన్నారు. శాంపిల్ కాయల సంచులు కారులోనే తిప్పుతారు. ఆయన వూఫర్ మీద జాలీ విప్పేసరికి నేనూ, హెల్పర్ కుర్రాడూ, పక్క షాపాయనా పది నిమిషాలు తుమ్ముతూనే ఉన్నాం. వూఫర్ మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

ఎలక్ట్రిక్ కారుకి పెట్టొచ్చా?

వాటిలో కూడా లైట్లకి, స్టీరియోకి 12 వోల్టుల బ్యాటరీ వేరే ఉంటుంది. పవర్ దాని నుంచే. నారింజ రంగు కేబుళ్ల జోలికి ఎవర్నీ వెళ్లనివ్వకండి, అవి వందల వోల్టులవి. ఆ బండ్లు ఇంతకు ముందు చేసిన వాళ్ల దగ్గరే చేయించండి.

పోలీసులు ఆపుతారా?

బయటికి వినపడనంత వరకు మీ కారు మీ ఇష్టం. శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి అంటే 10 నుంచి పొద్దున 6 వరకు. బేస్‌కి గోడలు అడ్డం కాదు, మీ వీధిలో మూడో అంతస్తు ముసలాయన మంచం దాకా పోతుంది. ఇంటి సందులోకి తిరగ్గానే ఆ నాబ్ తగ్గించేయండి.

మొత్తం ఖర్చు ఎంత అనుకోమంటారు?

రేట్లు మారుతుంటాయి కాబట్టి వూఫర్ ధర ఇక్కడ రాయను. లెక్క వేసుకునేటప్పుడు వూఫర్, వైరింగ్ కిట్, కప్లర్, కూలి, నాలుగూ విడివిడిగా అడగండి. "అంతా కలిపి ఇంత" అన్న చోట తగ్గేది ఎప్పుడూ వైరింగ్ కిట్టే. ఆన్‌లైన్‌లో కొని తెచ్చినా మేం బిగిస్తాం, మాకేం బాధ లేదు. కాకపోతే డబ్బా పాడైతే కంపెనీతో మీరే మాట్లాడుకోవాలి. కొన్న చోట సీరియల్ నంబరు రాసిన బిల్లు తీసుకోండి.

ఎంతసేపు పడుతుంది? వదిలేసి వెళ్లొచ్చా?

మామూలు కారుకి మూడు, నాలుగు గంటలు. గంటలో అయిపోతుందంటే పైన రాసిన వాటిలో ఏదో ఎగ్గొడుతున్నారని అర్థం. వైర్లు లాగేటప్పుడు మీరు లేకపోయినా పర్వాలేదు. ఎర్త్ బిగించేటప్పుడు ఫోటో తీసి పంపమనండి. ట్యూనింగ్‌కి మాత్రం మీరే రావాలి, మీ సీట్లో మీ ఎత్తు మనిషి చెవులు కావాలి. రోజూ వినే పాటలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. మా హెల్పర్ కుర్రాడి ఫోన్‌లో ఉన్న వాటితో ట్యూన్ చేస్తే మీ కారు అతనికి నచ్చినట్టు మోగుతుంది.

కారు అమ్మేస్తే వూఫర్ సంగతి?

తీసి కొత్త కారులో పెట్టుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు దానికి పైసా ఎక్కువ ఇవ్వరు. కప్లర్‌తో బిగించి ఉంటే అరగంట పని. పవర్ వైరు కారులోనే వదిలేయాల్సి వస్తే బ్యాటరీ వైపు కొన పూర్తిగా విప్పించండి, రెండో కొనకి టేపు చుట్టి వదిలేస్తే చాలదు. నా దగ్గరే ఒకరు పదేళ్లలో మూడు కార్లు మార్చారు, వూఫర్ మాత్రం ఒకటే. మొన్న నాలుగో కారుతో వచ్చారు. ఈసారి సీటు కింద థర్మోకోల్ ముక్క కోసి పెట్టి, కొలిచి మరీ తెచ్చారు.